సత్ప్రవర్తనమునకు మెప్పు
(కొండకల్ గ్రామమున జరిగిన వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)

  

ఏటేట మన మహాసభలో విద్యార్థులకు బహుమానములిచ్చు ఘట్టము వచ్చినప్పుడు పందిరి నిండిపోవును. పదవ తరగతిలోను, ఇంటర్మీడియేటులోను అధికముగా మార్కులు తెచ్చుకొన్నవారి పేళ్లు చదువుదురు. తల్లిదండ్రులు ముందు వరుసకు వత్తురు. శాలువలు, పతకములు, ఛాయాచిత్రములు! ఇదంతయు ముచ్చటయే, కాదనువారము కాము. ఈ యేడు మన పోషకులలో నొకరు, తమ పేరు వెల్లడి చేయవలదని కోరుచు, వేఱొక నిధిని సంఘమునకు సమర్పించినారు. మార్కులకుఁ గాక సత్ప్రవర్తనమునకు బహుమానమీయవలెనని వారి కోరిక. అది యెవరికి, ఎట్లు ఈయవలెనో ఆలోచించి చెప్పుమని కార్యవర్గమువారు మమ్ముఁ గోరిరి. మూఁడు పదుల యేండ్లకుఁ బైగా ఈ చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి ప్రాంతముల బడులలో పాఠములు చెప్పినవారము గనుక ఈ సంగతి మాకు తెలియునని వారి నమ్మకము కాఁబోలు. పని చేతికి వచ్చిన తరువాత మాకు సంతోషముకంటె భయమే యెక్కువ కలిగినది. ఆ భయమునకుఁ గారణమును మీ ముందు విప్పి చెప్పుటయే నేఁటి మా పని.

మొట్టమొదట మేము మా చేతివ్రాతనే తలఁచుకొంటిమి. బడి విడిచిపోవు ప్రతి బాలునకు, బాలికకు బదిలీ పత్రము వ్రాసి యిత్తుము గదా. అందు నడవడి యను గడి యొకటి కలదు. ఆ గడిలో మేము 'సంతృప్తికరము' అని యెన్ని వందల పర్యాయములు వ్రాసితిమో లెక్క లేదు. తోటివాని పలక పగులఁగొట్టి తాను కాదన్నవానికి నదే మాట. వానకాలమున చిన్నపిల్లల చేయి పట్టుకొని వాగు దాఁటించినవానికి నదే మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ సెక్షనులో నిరంతర సమగ్ర మూల్యాంకనము చేయుమని చెప్పినది. దాని వెంబడి మన బడులలో 'విలువల విద్య, జీవన నైపుణ్యములు' అను పేర గ్రేడు వేయు పద్ధతి వచ్చినది. ఉద్దేశము మంచిదే. కాని సంవత్సరాంతమున, రిజిస్టరులు ఒప్పగించు తొందరలో, ఒక సాయంకాలము కూర్చుండి పేళ్లకెదురుగా వరుసగా ఒకే యక్షరమును దింపుకొని పోయితిమి. మేము చేసినది చెప్పుచున్నాము. తక్కినవారి సంగతి వారినే యడుగవలెను. ఉద్యోగమునకుఁ బోవు యువకుఁడు కాండక్టు సర్టిఫికెట్టు కొఱకు పాత బడికి వచ్చినప్పుడు, వానిని ముఖమెత్తి చూడకయే సంతకము పెట్టి, ముద్ర వేసి పంపిన దినములును కలవు. ఇట్టి చేతులే సత్ప్రవర్తన బహుమానమునకు పేరు వ్రాయవలెనన్నచో భయము కలుగదా?

శీలమును మెచ్చవలెనన్న మొదట దానిని చూడవలెను. చూచుట సులభము కాదు. సుగుణము తరగతిలో తఱచుగా మందబుద్ధి వేషముతోనో, అవిధేయత వేషముతోనో కనఁబడును. రాజకోటలో చదువుకొన్న మోహనదాసు కరంచందు గాంధి కథ మీరందఱు వినినదే. అయినను ఉపాధ్యాయుని వైపునుండి దానినొకసారి చూడుఁడు. హైస్కూలు మొదటి సంవత్సరమున జైల్సు అను విద్యాధికారి తనిఖీకి వచ్చి అయిదు ఇంగ్లీషు మాటలు వ్రాయించెను. అందొకటి 'కెటిల్'. ఈ బాలుఁడు దానిని తప్పుగా వ్రాసెను. పంతులుగారు బూటుమొనతో వాని కాలిని తట్టి ప్రక్కవాని పలక చూచి వ్రాయుమని సైగచేసిరి. చూచి వ్రాయకుండుటకే పంతులు అచట నిలువఁబడియున్నాఁడని బాలుఁడనుకొనెను గాని, చూచి వ్రాయించుటకని వానికి తోఁచలేదు. తక్కిన పిల్లలందఱు అన్ని మాటలును సరిగా వ్రాసిరి, ఇతఁడొక్కఁడే తెలివిలేనివాఁడయ్యెను. తరువాత పంతులుగారు ఆ తెలివితక్కువతనమును వానికి బోధపఱుపఁజూచిరఁట. ఆ పంతులు దుర్మార్గుఁడు కాఁడు. తనిఖీదినమున తన తరగతికి మంచిపేరు రావలెనను ఆరాటము మాత్రమే ఆయనది. అట్టి దినములు మాకును వచ్చినవి. తనిఖీ రోజున మేము బూటు తొడుగలేదు గాని, కనుసైగ చేయలేదని ప్రమాణము చేయఁజాలము.

ఆ బాలునికే తరువాత మఱియొకటి జరిగినది. తండ్రికి సేవచేయుచు, మబ్బుపట్టి ప్రొద్దు తెలియక, వ్యాయామమునకు వేళ మించి పోయినందున ప్రధానోపాధ్యాయులు గిమీగారు వాని మాట నమ్మక జుల్మానా వేసిరి. అణా రెండణాలు పోయినందుకుఁ గాదు, అబద్ధీకుఁడని యెంచినందుకు బాలుఁడు కుమిలి యేడ్చెను. పట్టువిడువక విన్నవించుకొని ఆ జుల్మానాను రద్దు చేయించుకొనెను. గిమీగారు మొదట తప్పుగా చూచినను మరల చూచినారు. ఆ రెండవ చూపునకే మేము నమస్కరించుచున్నాము.

ఇఁక మా సంగతి. ఇరువది యేండ్ల క్రిందటి మాట. ఈ ప్రాంతములోనే యొక బడి. దాని పేరు అవసరము లేదు, తప్పు బడిది కాదు, మాది. ఏడవ తరగతి అర్ధసంవత్సర పరీక్షల గణితపు జవాబు పత్రములు దిద్ది పిల్లలకు పంచితిమి. మధ్యాహ్న విరామమున ఒక బాలుఁడు కాగితము పట్టుకొని ఉపాధ్యాయుల గదికి వచ్చినాఁడు. రెండవ పుటలోని యొక లెక్కకు రెండు పర్యాయములు మార్కులు కూడినారనియు, ఎనిమిది మార్కులు ఎక్కువ పడినవనియు చెప్పినాఁడు. చూచితిమి, నిజమే. కొట్టివేసి, క్రొత్త మొత్తము వ్రాసి, రిజిస్టరులో దిద్ది, 'సరే, పో' అంటిమి. అంతే. మఱునాఁడు స్థానములు చదివినప్పుడు వాఁడు మొదటి స్థానమునుండి మూఁడవదానికి దిగినాఁడు. తరగతిలో మొదటివానికి ఒక దాత నోటుపుస్తకములును జామెట్రీ పెట్టెయు ఇచ్చెడివారు. అవి వేఱొక పిల్లవానికి పోయినవి. ఎందుకు పోయినవో తరగతిలో ఎవరికిని తెలియదు, మేము చెప్పలేదు. చెప్పినచో మా కూడిక తప్పినదని పిల్లలకు తెలియునను సంకోచము కొంత యుండెను, దాఁచనేల?

మొన్నటి వేసవిలో శంకరపల్లిలో ఒక హార్డువేరు దుకాణమునకుఁ బోయితిమి. యజమాని మమ్ము గుర్తుపట్టి కుర్చీ వేయించి చాయ తెప్పించెను. ఆ బాలుఁడే. మాటల నడుమ ఆ మార్కుల ముచ్చట ఆయనయే తెచ్చెను. "ఇంట్ల మా నాయిన తిట్టిండు సార్. మీరన్న ఏమన్న అంటరేమో అని చూసిన. ఏమనలే" అని నవ్వుచునే చెప్పెను. తరువాత మరల నెన్నఁడైన అట్లు జరిగినదా యని యడిగితిమి. ఎనిమిదవ తరగతిలో ఇంకొకసారి మార్కులెక్కువ పడినవఁట. కాగితము మడిచి సంచిలో పెట్టుకొనెనఁట. "అది గూడ మీ పేపరే సార్" అనెను. నాఁడు అనవలసిన మాటను, నీవు చేసినది మంచిపని నాయనా అను మాటను, ఆ దుకాణమున అంటిమి. ఆయన తలవంచుకొని రసీదు వ్రాసి యిచ్చెను. మేము కొన్నవి రెండు తాళములు. ఈ సంగతి సభలో చెప్పుటకు ఆయన సమ్మతించినారు. పేరు మాత్రము వలదన్నారు.

మహాజనులారా, ఇందు మేమొక్కరమే దోషులము కాము. జామెట్రీ పెట్టె యిచ్చిన దాతయు మంచివాఁడే. కాని మార్కులకు మాత్రమే బహుమానమున్న చోట, నిజము చెప్పినవానికి నష్టము కలిగినది. ఆ నష్టమును పూరింపఁగలిగినది ఉపాధ్యాయుని నోటిమాట యొక్కటే, అది రాలేదు.

కులసంఘము కూడి విద్యార్థిని గౌరవించుట మనతో మొదలు కాలేదు. డాక్టరు భీమరావు అంబేడ్కరుగారు 1956లో వ్రాసికొన్న యొక పీఠికలో తమ బాల్యమునాఁటి సభ నొకదానిని తలఁచుకొన్నారు. ఆయన ఇంగ్లీషు చదువులో ఒక పరీక్ష నెగ్గినప్పుడు, వారి కులములో అది యరుదు గనుక, పెద్దలు సభచేసి మెచ్చుకొనఁదలఁచిరి. తండ్రి రాంజీగారు ససేమిరా వలదనిరి. పరీక్ష నెగ్గుటయే గదా, ఇంతకు పొగడినచో పిల్లవానికి తలతిరుగునని ఆయన భయము. అప్పుడు వారు తండ్రిగారి స్నేహితుఁడైన కృష్ణాజీ అర్జున కేళూస్కరుగారిని ఆశ్రయించిరి. ఆయన ఉపాధ్యాయులు, గ్రంథకర్త. ఆయన నచ్చఁజెప్పఁగా తండ్రి మెత్తఁబడిరి. సభ జరిగినది, కేళూస్కరుగారే అధ్యక్షులు. చివర ఆయన బాలునకిచ్చినది పతకము కాదు, తాము వ్రాసిన బుద్ధుని చరిత్రము. ఆ బాలుఁడు బొంబాయిలో ఒక ఉద్యానవనమున కూర్చుండి చదువుకొనుచుండుటను ఆయన అంతకుముందే గమనించియుండిరి. కాలేజీ చదువునకు ధనము చాలని దినములలో బరోడా మహారాజుగారికి చెప్పి, నెలకు 25 రూపాయల వేతనము దొరకునట్లు చేసినవారును ఆయనయే. కేళూస్కరుగారు ఆ కులమువారు కారు. ఈ సంగతిని మేము ఊరక చెప్పుటలేదు. చివర మరల దీనియొద్దకే వత్తుము.

తండ్రి రాంజీగారి భయమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. పొగడ్తకు తలతిరిగిన పిల్లలను చూచియున్నాము. కాని ఆ భయము చాల గృహములలో అలవాటైపోయి, మంచిమాట యనునదియే నోట రాకుండ పోయినది. మన యిండ్లలో బిడ్డను తిట్టుటకు నూఱు మాటలున్నవి. మెచ్చుకొనుటకు 'బుద్ధిమంతుఁడు' అను మాట యొక్కటియే. అదియును చుట్టములు వచ్చినప్పుడు.

పిల్లవానిని దగ్గఱనుండి చూచినవానికే శీలము తెలియును. పూర్వము హైదరాబాదు రాజ్యమున కులసంఘములు, కులపెద్దలు విద్యకొఱకు పూనుకొన్నప్పుడు ఈ సౌకర్యము కొంత యుండెను. 1910లో భాగ్యరెడ్డివర్మగారు ఇసామియా బజారులో దళిత బాలురకు పాఠశాల తెఱచినారు. 1918లో రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారి పూనికచే రెడ్డి హాస్టలు వెలసినది. సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని పర్యవేక్షణ భారమును వహించినారు. వసతిగృహమున పిల్లవాఁడెట్లు తినునో, ఎట్లు నిదురించునో, ఇంటినుండి వచ్చిన సున్నుండలను ఎవరితో పంచుకొనునో పెద్దలకు తెలియకపోదు. నేఁటి ఉపాధ్యాయునకు ఆ యవకాశము లేదు. ఆయన బస్సు దిగి వచ్చును, బస్సెక్కి పోవును. నలువది యేఁబది ముఖములను నలువది నిమిషములు చూచును.

అట్లు చూడఁగలిగినవారిలో మహనీయులు రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు. 1862లో బందరున జన్మించి, 1899 మొదలు కొన్నియేండ్లు మన సికింద్రాబాదు మహబూబు కాలేజీకి ప్రధానాచార్యులుగా నుండి, 1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకుఁ బోయి, 1919 వఱకు అచట పనిచేసిరి. తెల్లని వస్త్రములు, తెల్లని నడవడి. జీతములో చాలభాగము బీదవిద్యార్థులకును అనాథలకును పోయెడిది. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆయన శిష్యులే. అట్టి గురువు ఒక మాట మెచ్చుకొన్నచో శిష్యునకు అది యెంతటి బరువో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. మెప్పునకు బరువు మెచ్చువాని నడవడినిబట్టి వచ్చును. మాకింత ఆలస్యముగా తెలిసిన సంగతులలో నిదియొకటి.

ఇఁక మెచ్చుట యెట్లు? ఈ విషయమున పాశ్చాత్యులు పిల్లలమీఁద కొన్ని పరిశోధనలు చేసియున్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో చేసిన యొకదానిని 1973లో ప్రకటించిరి. బొమ్మలు గీయుటయందు స్వతస్సిద్ధముగా ఇష్టమున్న చిన్నపిల్లలను ఎంచుకొనిరి. కొందఱికి ముందుగానే, బొమ్మ గీచినచో బంగారు నక్షత్రము, పట్టుదారము గల ప్రశంసాపత్రమిత్తుమని చెప్పిరి. కొందఱికి ముందు చెప్పక, గీచిన పిమ్మట అదే పత్రము నిచ్చిరి. ఇంకను కొందఱికి ఏమియు ఈయలేదు. కొన్ని దినములు గడచిన తరువాత పరికింపఁగా, బహుమానమునకు ఆశపడి గీచినవారు తక్కినవారితో పోల్చఁగా సగము కాలము మాత్రమే బొమ్మలయొద్ద గడపిరి. అనుకోకుండ పత్రము పొందినవారికి ఇష్టము తఱుగలేదు. ఈ పరిశోధన బొమ్మలకు సంబంధించినది, సత్యవాక్యమునకు గాదని మీరనవచ్చును. నిజమే. అయినను, ముందుగా చాటింపు వేసి పెట్టిన బహుమానము మనసులోని ఇష్టమును అంగడికి తెచ్చునని శంకించుటకు అది చాలును.

మఱియొకటి కెనడాలో జోన్ గ్రూసెక్, ఎరికా రెడ్లర్ అనువారు చేసినది, 1980లో ప్రకటితమైనది. తాము ఆటలో గెలిచిన గోళీలను బీదపిల్లలకు పంచిపెట్టిన పిల్లలలో కొందఱితో, మంచిపని చేసితివని చెప్పిరి. మఱికొందఱితో, ఇతరులకు సాయపడుట ఇష్టపడు స్వభావము నీదని చెప్పిరి. ఎనిమిదేండ్ల ప్రాయపువారిలో, స్వభావమును ఎత్తి చెప్పఁబడినవారు తరువాత వేఱు సందర్భములలోను ఎక్కువ ఔదార్యము చూపిరి. ఆ వయసు పిల్లవాఁడు తాను ఎటువంటివాఁడో ఇంకను తెలిసికొనుచుండును. పెద్దలు చెప్పిన మాటను అద్దముగా పట్టుకొనును. అద్దము వంకరగా నున్నచో ఏమగునో కూడ ఊహింపుఁడు. 'దొంగ', 'మొద్దు' అను మాటలును ఆ వయసుననే పడుచున్నవి.

బాలికల సంగతి ఒకటి చెప్పక తప్పదు. మేము బాలికలను మెచ్చినప్పుడెల్ల, నోరెత్తదు, తలయెత్తదు అని మెచ్చితిమి. మౌనమును శీలమనుకొంటిమి. తోటిపిల్లకు అన్యాయము జరిగినప్పుడు లేచి, ఇది తప్పు సార్ అన్న బాలికను 'గడుసుది' అంటిమి. మరల వ్రాయు అవకాశమే యున్నచో ఆ బాలిక నడవడి గడిలో మేము మూఁడు పంక్తులు వ్రాయుదుము.

పక్షపాతము మాటయు చెప్పెదము. సభలో ఉపాధ్యాయ సోదరులు చాలమంది యున్నారు, కోపగింపవలదు. మనము మెచ్చుకొను పిల్లలలో మన వీధివారు, మన చుట్టములు, ముందు బల్లమీఁద కూర్చుండువారు ఎక్కువగా నుందురు. వెనుక బల్లవాని మంచితనము కనఁబడుటకు మనము లేచి నడచి పోవలెను. మఱియొక జాగ్రత్త: దొరికిన డబ్బు తిరిగి యిచ్చిన బాలుని ప్రార్థనా సమావేశమున నిలువఁబెట్టి, ఇంత బీదవాఁడయ్యును ఇచ్చెను చూచితిరా యనుట మెప్పు కాదు. వాని చిరిగిన చొక్కాను ఊరందఱికి చూపుట.

కావున ఆ దాతగారి నిధిని గూర్చి మా మనవి యిది. సత్ప్రవర్తన బహుమానమని చాటింపు వేయవలదు. మొదటి, రెండవ స్థానములు పెట్టవలదు. కొండకల్ మొదలుకొని మన సంఘము చేరఁగలిగిన గ్రామముల బడులకు కొన్ని తెల్లకాగితములు అచ్చువేయించి పంపుదము. ఉపాధ్యాయుఁడు ఒక మంచిపనిని కన్నులారఁ జూచిన దినముననే నాలుగు పంక్తులు వ్రాయవలెను: ఏ దినము, ఏమి చేసెను, దానివలన ఎవరికి మేలు కలిగెను, తనకేమైన నష్టమైనదా. పిల్లవానిని దగ్గఱకు పిలిచి చదివి వినిపింపవలెను. ఒక ప్రతి తల్లిదండ్రులకు పోవలెను. చదువురాని తల్లియైనచో ఎవరైన చదివి చెప్పవలెను. ఒక ప్రతి బడిలో నుండవలెను. బదిలీ పత్రమున నడవడి గడి నింపునాఁడు దానిని తెఱచి చూచి వ్రాయవలెను. ఒక యేఁట ఇట్టి కాగితము లొక్కటియు రాకపోయినను చింతలేదు. లెక్కకొఱకు నింపిన కాగితముకంటె ఖాళీ కాగితము మేలు.

ధనము మాట వేఱు. అది మెప్పునకు వెలగా గాక, చదువు ఆగిపోవు స్థితిలోనున్న పిల్లలకు బస్సుపాసునకు, పరీక్షరుసుమునకు, పుస్తకములకు పోవలెను. ఈ ప్రాంతమున భూముల వెలలు పెరిగినవి. 2023లో ఇచ్చటనే మేధా సంస్థవారి రైలుపెట్టెల కర్మాగారమును ప్రారంభించిరి. ఊరు కలిగినదైనదని పైవారనుకొందురు. భూమిలేని యింటి పిల్లవానికి ఆ వెలలవలన కలిగిన లాభమేమో ఆ యింటివారికే తెలియును.

దాతగారు ఈ పద్ధతికి సంతోషముతో సమ్మతించినారు. మా రెండవ మనవి విషయమున మాత్రము కార్యవర్గమున ఏకాభిప్రాయము కుదరలేదు. ఆ కాగితములును, ఆ ధనమును మన కులపు పిల్లలకు మాత్రమే పరిమితము చేయక, ఆ బడిలో చదువు పిల్లలందఱికి వర్తింపఁజేయవలెనని మేము కోరితిమి. సంఘధనము సంఘమునకే చెందవలెనని కొందఱు పెద్దలు వాదించిరి. వారి వాదము అన్యాయమని మేమనలేము, ఈ సంఘమును పైసపైస కూర్చి నిలిపినవారు వారే. కాని ఉపాధ్యాయుఁడు తరగతిలో కాగితము తీసి, ఈ పిల్లవాఁడు చేసిన మంచిపని వ్రాయవచ్చునా కూడదా యని కులమడిగి వ్రాయవలసి వచ్చినచో, ఆ కాగితమును మేము ముట్టఁజాలము. కేళూస్కరుగారు అట్లడిగియుండలేదు.

సాయంకాలపు తీర్మానముల పట్టికలో ఇది మూఁడవది. మాదిరి కాగితములు పందిరి ద్వారమున కార్యదర్శిగారి బల్లమీఁద నున్నవి. ఉపాధ్యాయ సోదరులు తలా పది తీసికొని పోవలెనని ప్రార్థన.